మూడు పాటలు వస్తే సరిపోదు

మన క్వయర్లలో పాడే పిల్లల్లో కొందరు పాశ్చాత్య గాత్ర సంగీతంలో గ్రేడ్ పరీక్షలకు కూడా వెళ్తున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే పదిమందితో గొంతు కలిపి పాడే అలవాటున్న బిడ్డ, పరీక్ష గదిలో ఒక్కడే పాడాలి. ఆ తేడా తెలియకుండా పంపితే, పరీక్ష తప్పిన బిడ్డ "నాకు గొంతు లేదు" అనుకుని పాటే మానేయవచ్చు. అందుకే తల్లిదండ్రులు, సండే స్కూల్ టీచర్లు ఈ పరీక్ష తీరును ముందుగా తెలుసుకోవాలని మా మనవి.

లండన్‌లో 1889లో ఏర్పడిన ఏబీఆర్‌ఎస్‌ఎం సంస్థ నిర్వహించే గ్రేడ్ 1 ప్రాక్టికల్ పరీక్షనే తీసుకుందాం. మొత్తం మార్కులు 150. పియానో తోడుతో పాడే మూడు పాటలకు ఒక్కొక్కదానికి 30. ఏ వాద్యమూ లేకుండా పాడే జానపద గీతానికి 21. అంతకుముందు చూడని స్వరాలను కాగితం చూసి పాడటానికి 21. విని గుర్తించే పరీక్షకు 18. పాస్ కావాలంటే 100 రావాలి.

ఒక్కసారి లెక్క చూడండి. మూడు పాటలకూ పూర్తి మార్కులు వచ్చినా 90 దగ్గరే ఆగిపోతాం. అయినా నెలల తరబడి ఆ మూడు పాటలనే పాడిస్తూ, మిగతా 60 మార్కుల సంగతి చివరి వారానికి వదిలేస్తుంటాం.

జానపద గీతం ఏ భాషలోదైనా కావచ్చు. బిడ్డకు అర్థం తెలిసిన తెలుగు పాట అయితే ధైర్యంగా పాడగలడు. తోడు వాద్యం ఉండదు కాబట్టి శ్రుతి మెల్లగా జారిపోతుంది. ఇంట్లో కీబోర్డుపై మొదటి స్వరం వినిపించి, పాట పూర్తయ్యాక మళ్లీ అదే స్వరం నొక్కి సరిచూడండి. ఎక్కడ జారిందో బిడ్డకే తెలుస్తుంది.

చూసి పాడే భాగంలో సిద్ధపడటానికి అర నిమిషం ఇస్తారు. డో, రే, మి అంటూ సోల్ఫాలో పాడవచ్చు. క్వయర్‌లో సోల్ఫా నేర్చిన పెద్దలు ఉంటే, రోజుకు రెండు కొత్త వరుసలు పిల్లల చేత పాడించడం వారు చేయగల గొప్ప సహాయం.

విని గుర్తించే భాగంలో తాళం తట్టి అది రెండా మూడా చెప్పాలి. విన్న చిన్న వరుసను తిరిగి పాడాలి. రెండోసారి వాయించినప్పుడు స్వరంలో మార్పు మొదట్లో వచ్చిందా చివర్లో వచ్చిందా పట్టుకోవాలి. సంగీతం బిగ్గరగా ఉందా మెల్లగా ఉందా, స్వరాలు కలిసి సాగాయా విడివిడిగా పలికాయా అన్నది చెప్పాలి. వీటికి పుస్తకం అక్కరలేదు. ఆరాధనలో పాట వినిపించినప్పుడే పక్కన కూర్చున్న బిడ్డను అడగవచ్చు.

సాధన రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. గొంతు బొంగురుపోయిన రోజున పాడించకండి. వినడం, తాళం వేయడం చేయించండి. పరీక్షకు నెల ముందు నుంచి వారానికి ఒకసారి నలుగురి ఎదుట ఒంటరిగా పాడనివ్వండి. మధ్యలో తప్పు పోతే ఆపి సరిదిద్దవద్దు. ఆగకుండా ముందుకు సాగడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

ఫలితంతో పాటు ప్రతి భాగానికీ పరీక్షకులు తమ అభిప్రాయం రాసి ఇస్తారు. మార్కులకంటే ముందు దాన్ని బిడ్డతో కలిసి చదవండి. తర్వాత ఏమి సాధన చేయాలో అందులోనే ఉంటుంది.