తోడా గిరిజనులు: గడ్డి ఉంటేనే గేదె.. గేదె ఉంటేనే గుడి!

ఊటీ వెళ్లినవాళ్లకు తెల్ల బట్టపై ఎరుపు, నలుపు దారాలతో కుట్టిన శాలువాలు కనిపిస్తుంటాయి. వాటిని కుట్టేది తోడా మహిళలు. తమిళనాడులోని నీలగిరి కొండల్లో ఉండే ఈ గిరిజనుల జనాభా సుమారు 2 వేలే. వీళ్లు మాట్లాడేది కూడా తెలుగులాగే ద్రావిడ భాషే. కానీ దానికి సొంత లిపి లేదు.

ఇంతకీ వీళ్లు ఎలా బతుకుతారు?

తోడాలకు గేదెలే సర్వస్వం. పెద్ద వంపు కొమ్ములుండే తోడా జాతి గేదెలకు పుట్టిల్లు నీలగిరులే. ఒకప్పుడు వీళ్లు వ్యవసాయం చేసేవారు కాదు. పాలు, నెయ్యి ఇచ్చి పక్కనుండే బడగల దగ్గర ధాన్యం తెచ్చుకునేవారు. కుండలు, ఇనుప పనిముట్లు కోటా తెగవాళ్లు చేసిచ్చేవారు.

పాడే పూజ

వీళ్ల గుడి అంటే ఓ రకంగా పాలశాలే. పవిత్రంగా చూసే గేదెల పాలను తోడు పెట్టడం, చిలకడం పూజారి పని. మహిళలకు లోపలికి ప్రవేశం లేదు. గుళ్లు, పాతకాలపు ఇళ్లు చాలావరకు నిలువునా సగానికి కోసి బోర్లించిన పీపాలా ఉంటాయి. ద్వారం ఎంత చిన్నదంటే పాకుతూ వెళ్లాల్సిందే.

సమస్య ఎక్కడొచ్చింది?

19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు కొండెక్కాక టీ తోటలు, యూకలిప్టస్, వాటిల్ చెట్లు వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాతా ఈ ప్లాంటేషన్లు పెరిగాయి. చెట్లు లేని గడ్డి కొండల్ని బీడుగా లెక్కేయడమే అసలు తప్పు. నిజానికి వాననీటిని పట్టి ఉంచి, వాగులకు నెమ్మదిగా వదిలేది ఆ గడ్డి నేలలే.

మేత తగ్గింది, మందలూ తగ్గాయి. గుడి పైకప్పుకు వాడే గడ్డి చిత్తడి నేలల్లో పెరుగుతుంది. ఆ నేలలూ తగ్గిపోతున్నాయి. కొన్ని కుటుంబాలు కూరగాయల సాగుకు మళ్లాయి.

సూదీ దారమే ఆసరా

'పుఖూర్' అనే తోడా ఎంబ్రాయిడరీకి 2013లో జీఐ ట్యాగ్ దక్కింది. ముందుగా డిజైన్ గీసుకోరు. బట్టలోని పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టేస్తారు. దీంతో ఇంటికి నాలుగు డబ్బులొస్తున్నాయి.

కానీ గుడిలో చిలికే పాలు శాలువా ఇవ్వలేదు కదా! 2006 నాటి అటవీ హక్కుల చట్టం పశువుల్ని మేపుకునే హక్కును గుర్తించింది. అయితే గడ్డే లేనిచోట ఆ హక్కుతో కడుపు నిండదు. బయటి నుంచి తెచ్చిన చెట్లు తీసి, ఆ కొండలపై మళ్లీ గడ్డి పెంచితేనే గేదె నిలుస్తుంది. గేదెతోపాటే తోడాల గుడీ నిలుస్తుంది.