మృదు పగడాల పెంపకం

మృదు పగడాలు నిడేరియా వర్గానికి చెందిన సముద్ర జీవులు. రాతి పగడాల వలె ఇవి గట్టి సున్నపు గూటిని నిర్మించుకోవు. వీటి శరీరానికి కండ వంటి మెత్తని పదార్థము, అందులో చెదురుగా ఉండే సూక్ష్మమైన సున్నపు కంటకాలు ఆధారం. ఒక్కొక్క పాలిప్‌కు ఎనిమిది స్పర్శకాలు ఉంటాయి. అవి పక్షి ఈకల వలె అంచులు చీలి ఉంటాయి. ఇంటి అక్వేరియంలలో వీటిని పెంచి, ముక్కలు చేసి, కొత్త మొక్కల వలె అభివృద్ధి చేయవచ్చు. అయితే అన్ని జాతులూ ఇందుకు ఒకే విధంగా లొంగవు.

వర్గీకరణ

చాలాకాలం ఇవి ఆల్సియోనేసియా అనే క్రమంలో ఉండేవి. జన్యు పరిశోధనల ఆధారంగా 2022లో ఎనిమిది స్పర్శకాల పగడాలను మలాకల్సియోనేసియా, స్క్లెరల్సియోనేసియా అనే రెండు క్రమాలుగా పునర్వ్యవస్థీకరించారు. పాత పుస్తకాలలో మాత్రం మొదటి పేరే కనిపిస్తుంది.

ఆహారం

పెంపకంలో సులభమైనవి, కష్టమైనవి అనే భేదం ముఖ్యంగా ఆహారం వలన ఏర్పడింది. సార్కోఫైటాన్, సైనులేరియా వంటి తోలు పగడాల కణాలలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో అధిక భాగం పగడానికి అందుతుంది. కాబట్టి తగిన వెలుతురు ఉంటే ఇవి బ్రతుకుతాయి.

ఎరుపు, నారింజ, ఊదా రంగులతో కనువిందు చేసే డెండ్రోనెఫ్తియాలో ఈ శైవలాలు లేవు. ఇది నీటి ప్రవాహం మోసుకొచ్చే ఆహారంపైనే ఆధారపడుతుంది. ఎర్ర సముద్రంలో ఫాబ్రీషియస్, బెనయాహు, జెనిన్ జరిపిన పరిశోధన 1995లో వెలువడింది. ఈ పగడం ప్రధానంగా వృక్షప్లవకాలను తింటుందని అందులో తేలింది. సముద్రంలో ఇవి ఎడతెగక లభిస్తాయి. చిన్న తొట్టెలో అంత ఆహారం వేస్తే నీరు చెడిపోతుంది, వేయకపోతే పగడం వారాల తరబడి కృశించి మరణిస్తుంది.

జీనియా కుటుంబపు పగడాలది మరొక రకమైన ఇబ్బంది. వీటిలో కొన్ని పిడికిలి మూసి తెరచినట్లు స్పర్శకాలను లయబద్ధంగా కదిలిస్తాయి. ఈ కదలిక కిరణజన్య సంయోగక్రియను పెంచుతుందని 2013లో ప్రచురించిన ఒక పరిశోధన వెల్లడించింది. ఒక తొట్టెలో కలుపు వలె వ్యాపించే జీనియా, మరొక తొట్టెలో ఉన్నట్టుండి కరగిపోతుంది.

నీరు, పరిసరాలు

సముద్రానికి దూరంగా దక్కను పీఠభూమిపై ఉన్న వికారాబాదు జిల్లా కుల్కచర్ల వంటి ప్రాంతాలలో సముద్రపు నీటిని తెచ్చుకొనుట ఆచరణ సాధ్యం కాదు. అక్వేరియంల కొరకు తయారుచేసిన లవణ మిశ్రమాన్ని శుద్ధజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉండేలా కలపాలి. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. అది దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. పగడాలకు కాల్షియం, మెగ్నీషియం తదితర మూలకాలు కూడా అవసరం. బోరు నీటిలో కరిగి ఉన్న నైట్రేట్లు, సిలికేట్లు నాచును పెంచుతాయి కాబట్టి ఆర్.ఓ. ద్వారా శుద్ధిచేసిన నీటిని వాడడం మంచిది.

నీటి సాపేక్ష సాంద్రత 1.025 ప్రాంతంలో, ఉష్ణోగ్రత 24 నుండి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం శ్రేయస్కరం. తెలంగాణ వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నీటిని చల్లబరచే ఏర్పాటు తప్పనిసరి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. అందువలన తగ్గిన మేరకు మంచినీటినే పోయాలి, ఉప్పునీరు పోస్తే లవణీయత పెరుగుతుంది. విద్యుత్తు పోయినప్పుడు నీటి కదలిక ఆగి ఆమ్లజని తగ్గుతుంది కనుక బ్యాటరీతో నడిచే గాలి పంపు సిద్ధంగా ఉంచుకోవాలి.

ముక్కల ద్వారా అభివృద్ధి

ఆరోగ్యంగా ఉండి, తొట్టెకు పూర్తిగా అలవాటుపడిన పగడాన్నే కోయాలి. దానిని తొట్టె నీరు నింపిన వేరొక పాత్రలోకి తీసుకొని, చేతి తొడుగులు, కంటి అద్దాలు ధరించి, పదునైన బ్లేడుతో గొడుగు భాగాన్ని ముక్కలు చేయాలి. మిగిలిన మోడు గాయం మానిన తరువాత మళ్ళీ గొడుగు వేస్తుంది.

ముక్కలపై ఊరే జిగురును శుభ్రమైన ఉప్పునీటిలో కడగాలి. ఈ జిగురు వలన అంటించే పదార్థాలు సరిగా పట్టవు. కనుక ముక్కను సన్నని వలగుడ్డతోనో, రబ్బరు బ్యాండుతోనో రాతి పలుకుపై వదులుగా కట్టి, ప్రవాహం తక్కువగా ఉన్న చోట ఉంచాలి. సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలలో అది రాతిని పట్టుకుంటుంది. జీనియాను కోయడం కంటే, పక్కన రాళ్ళు పేర్చి వాటిపైకి పాకిన తరువాత వేరుచేయడం క్షేమం.

తోలు పగడాలు టెర్పీన్లు అనే రసాయనాలను విడుదల చేసి ఇరుగుపొరుగు పగడాలను అణచివేస్తాయి. కోసిన పాత్రలోని నీటిని తిరిగి తొట్టెలో పోయరాదు. ఉత్తేజిత కర్బనం ఈ రసాయనాలను పీల్చుకుంటుంది.

డెండ్రోనెఫ్తియా సముద్రంలో తనంతట తానే చిన్న తునకలను రాల్చుకుంటుంది. వేళ్ళ వంటి కాడలతో అవి త్వరగా కొత్త చోట అతుక్కుంటాయి. దీనినిబట్టి కోత, అతుకు అసలు సమస్యలు కావని తెలుస్తుంది. ఆ తరువాత పోషించగలుగుటయే సమస్య. తల్లి పగడం నెలల తరబడి పెరగని తొట్టెలో ముక్కలు చేయడం వలన చనిపోయే వాటి సంఖ్య మాత్రమే పెరుగుతుంది.

చట్టం, పర్యావరణం

భారతదేశంలో మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు ముఖ్యమైన పగడపు దిబ్బలు గల ప్రాంతాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలతో పాటు మృదు పగడాల దగ్గరి బంధువులైన సముద్రపు విసనకర్రలను, ఆర్గాన్ పైపు పగడాన్ని చేర్చారు. 2022 సవరణతో షెడ్యూళ్ళు మారాయి కనుక కొనే ముందు అమలులో ఉన్న జాబితాను, అమ్మకందారు పత్రాలను పరిశీలించాలి. దిబ్బల నుండి పెరికి తెచ్చిన రాళ్ళపై రక్షిత పగడాలు ఉండవచ్చు.

పెంచలేని పగడాన్ని నీటి వనరులలో వదలరాదు. ఇండోనేషియా ప్రాంతానికి చెందిన యునోమియా స్టోలోనిఫెరా అనే జీనియా జాతి వెనిజులా తీరంలో వ్యాపించి స్థానిక పగడాలను కప్పివేసింది. అక్వేరియం వ్యాపారం ద్వారానే అది అక్కడికి చేరిందని భావిస్తున్నారు. తొట్టెలోని ఉప్పునీటిని పొలాలలో, చెరువులలో పారబోసినా నేలకు, మంచినీటి జీవులకు హాని కలుగుతుంది.

ఇంటిలో పెరిగిన తోలు పగడపు ముక్కను మరొకరికి ఇస్తే సముద్రం నుండి ఒక పగడాన్ని తీయవలసిన అవసరం తప్పుతుంది. ముక్కల పద్ధతికి గల ప్రధాన ప్రయోజనం ఇదే. ఈ ప్రయోజనం తొట్టెలో పోషించగల జాతులకే వర్తిస్తుంది. డెండ్రోనెఫ్తియా వంటి వాటిని సాధారణ గృహ అక్వేరియంల కొరకు కొనకుండా ఉండటమే మేలు.