గదులు రెండే, పని మాత్రం రెండు ఎవుసాలంత

పై వీడియోలో మా తోట, రెండు గదులు, పొద్దుటి నాష్టా అన్నీ చూశారు. చూసినంతసేపు బాగానే ఉంటది. ఆవు దగ్గర పిల్లలు, పొయ్యి మీద జొన్న రొట్టె, వేపచెట్టు కింద మంచం. చూసిన రైతులు చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "తమ్మీ, మాది కూడా రోడ్డు మీది భూమే, రెండు గదులు ఏస్తే నడుస్తదా?" నడుస్తది. కాని కెమెరా ఆపినంక మొదలయ్యే పని ఏందో తెలుసుకుని దిగాలి. దాని గురించే ఈ ముచ్చట.

మాది జనగామ జిల్లా. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా భూపాలపట్నం దాకా పోయే 163వ నంబర్ జాతీయ రహదారికి దగ్గర్లో ఉంటం. రామప్ప చూడ్డానికి పోయేటోళ్లు, కాళేశ్వరం పోయేటోళ్లు, పెంబర్తిలో ఇత్తడి పని చూద్దామని వచ్చేటోళ్లు, పిల్లలకు పల్లెటూరు చూపియ్యాలనుకునే హైదరాబాద్ కుటుంబాలు, ఇట్ల వస్తరు మాకు. 2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినంక ఈ తొవ్వ గురించి అడిగేటోళ్లు పెరిగిన్రు.

ఇక రోజు సంగతి. నాలుగున్నరకు లేస్తం. పెండ తీసుడు, పాలు పితుకుడు, జీవామృతం డ్రమ్ము కలుపుడు, నీళ్లు మళ్లించుడు. ఎవుసంలో అసలు పని ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్యనే నడుస్తదని మీకు నేను చెప్పేదేముంది. సరిగ్గా అదే టైంకు గది తలుపు తీసుకుని ఒకాయన బయటికొచ్చి "చాయ్ దొరుకుతుందా అండి?" అంటడు. ఆయన తప్పేం లేదు, పైసలు కట్టి వచ్చిండు. కాని నేను మడిలో మోకాలి లోతు బురదలో ఉన్న. కాళ్లు కడుక్కుని పోయి చాయ్ పెట్టి వచ్చేసరికి ఒక మడి నీళ్లు పొంగి పక్క మడిలో పడతయి. అందుకే ఇప్పుడు ఫ్లాస్కులో చాయ్, పక్కన అల్లం నీళ్లు పోసిన ఇంకో ఫ్లాస్కు ఆరింటికే అరుగు మీద పెడుతున్నం. ఎవరు లేస్తే వాళ్లు పోసుకుంటరు. చిన్న సంగతే, మాకు రోజుకు గంట మిగిలింది.

పదకొండుకు ఒకళ్లు ఖాళీ చేస్తరు, రెండింటికి ఇంకొకళ్లు దిగుతరు. ఆ మూడు గంటల్లో దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఉతకాలి, బాత్రూమ్‌లు కడగాలి, మధ్యాహ్నం వంట కావాలి. శని, ఆదివారాలు తీగ మీద దుప్పట్లు ఆరనే ఆరవు. వానాకాలం అయితే పశువుల కొట్టంలో ఆరేయాల్సి వస్తది, ఆ వాసన దుప్పటికి పడితే మళ్లీ ఉతకాలె. ఒక్కో గదికి మూడు జతల దుప్పట్లు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అనే పేరులోనే రెండు పనులున్నయి. పక్క వేసుడు, నాష్టా పెట్టుడు. మన ఇండ్లల్లో ఈ రెండూ ఆడోళ్ల నెత్తినే పడతయి. మగోళ్లు అతిథులతో కూచుని ఘనజీవామృతం గురించి ఉపన్యాసం ఇస్తుంటరు (నేనూ ఇస్త, అబద్ధం ఎందుకు). అందుకని మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉంది. నాష్టా పైసలు నేరుగా మా ఇంటామె ఖాతాలో పడతయి, అందులోంచి నేను అడిగేది ఉండదు. దుప్పట్లకు, గదులకు ఊళ్లోంచి ఒక అక్క వస్తది, ఆమెకు కలుపు కూలీ ఎంతుంటే అంత. నాట్ల టైంలో ఆమె రాదు, నాటుకే పోతది. ఆ పదిహేను, ఇరవై రోజులు ఒక గదికే తాళం తీస్తం. రెండో గది అడిగితే నాట్లున్నయి అని చెప్తం. ఇంటామె నడుం ఇరగ్గొట్టుకుని వచ్చే ఆదాయం ఆదాయం కాదు.

ఇక తిండి. మన దగ్గరికి వచ్చేటోడు మందులు కొట్టని తిండి తిందామని వస్తడు. వాయుగుండం వచ్చి తోట మునిగిందనుకో, ఎండాకాలం వచ్చి ఆకుకూర మాడిందనుకో, అప్పుడేం పెడతవ్? మార్కెట్ల బెండకాయ తెచ్చి మా తోటదే అని పెడితే కనిపెట్టేటోడు లేడు. చాలాచోట్ల నడిచేది అదే. మేం వంటింటి గోడకు నల్లబోర్డు కొట్టినం, మధ్యల గీత. ఒక పక్క "మా పొలంలోవి", ఇంకో పక్క "కొన్నవి". పొద్దున్నే మా ఇంటామె సుద్దముక్కతో రాస్తది. ఉప్పు, చాయ్ పత్తి, ఉప్మా రవ్వ ఎప్పుడూ కొన్నవాటిల్నే ఉంటయి. కార్తీకంల మా పక్క నిండుగ ఉంటది: పెసలు, కందులు, పుంటికూర, బీర, సొర, చిట్టి ముత్యాల బియ్యం. మే నెలల కొన్న పక్క పెద్దగైతది. ఎవరూ కోపం చేసుకోలె ఇప్పటిదాకా. పైగా ఆ బోర్డుకు ఫొటోలు తీసుకుంటున్నరు. ఇడ్లీ, దోశ కావాలంటే హోటల్ హైవే మీద ఉంది అని ముందే చెప్తం. మా దగ్గర సర్వపిండి, పెసరట్టు, జొన్న రొట్టె ఎల్లిపాయ కారం, చల్లటి పూట అంబలి. అంతే.

నీళ్ల సంగతి ఎవరూ అడగరు గని, సహజ సాగు చేసేటోళ్లు మొదట అడగాల్సింది అదే. ఆరుగురు మనుషులు స్నానం చేసిన నీళ్లు ఎటు పోతయి? మాకు అరటి మడికి పోతయి, మధ్యల కంకర, ఇసుక గుంత, మెట్ట తామర మొక్కలు. అందుకే బాత్రూమ్‌ల యాసిడ్, ఫినాయిల్ వాడం. కుంకుడు రసం, సున్నిపిండి పెడతం. షాంపూ బ్యాగులోంచి తీసేటోళ్లను ఆపలేం, కాని నీళ్లు అరటికి పోతున్నయని గోడ మీద రాసినంక కొందరు వాళ్లే లోపల పెట్టేస్తున్నరు. దోమలకు మందు బిళ్లలు పెట్టం, తెర కడతం. జీవామృతంల కోట్ల కొద్దీ జీవాలను పెంచి, ఇంకో చేత్తో బాత్రూమ్ నుంచి విషం వదిలితే ఏం లాభం.

అసలు గండం మాత్రం మన గట్టు అవతల ఉంటది. మా పడమటి గట్టు అవతల పత్తి. నాకు బావ వరస. ఒక ఆదివారం పొద్దున అతిథులు అరుగు మీద నాష్టా తింటున్నరు, గాలి ఇటే. పవర్ స్ప్రేయర్ మోగింది. ఐదు నిమిషాల్ల వాసన. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకామె ప్లేటు కింద పెట్టి అడిగింది, "మీరు మందులు వాడమన్నారు కదా?" అని. ఆమెకు గట్టు చూపించి చెప్పిన, ఇది మాది, అది మాది కాదు అని. అర్థం చేసుకుంది, కాని పిల్లల్ని తీసుకుని గదిలోకి పోయింది.

సాయంత్రం బావ దగ్గరికి పోయిన. "శని, ఆదివారం పొద్దున వదిలేసి కొట్టరాదే బావా" అంటే, "పురుగు శనివారం, ఆదివారం చూస్తదారా?" అన్నడు. నిజమే కదా. ఆయనకు అప్పుంది, కౌలు ఉంది, పురుగు ముంచితే నా అతిథులు వచ్చి తీర్చరు. కొట్లాడితే పోయే సమస్య కాదు. ఇద్దరం చాయ్ తాగి ఒక ఒప్పందానికి వచ్చినం. కొట్టే ముందు రోజు ఫోన్ చేస్తడు, నేను అతిథులను ఆ పూట తూర్పు దిక్కు చెరువు గట్టుకు తీసుకపోత. నేను పడమటి గట్టు పొడుగున నాలుగు సాళ్లు జొన్న, సజ్జ ఒత్తుగా వేసిన, లోపల సుబాబుల్ వరస. ఈ ఏడు రెండు సాళ్లు ఆయన భూమిల కూడా వేయనిచ్చిండు. పిట్టలు వచ్చి కూచుని పత్తిల పురుగును ఏరుతున్నయని ఆయనే చూపెట్టిండు. మందు మానలేదు. ఒకటి రెండు సార్లు తగ్గించిండు.

ఇక్కడే మా జిల్లా ఏనబావిని తలచుకోవాలె. లింగాల ఘణపురం మండలంల చిన్న ఊరు. 2006లోనే రసాయనాలు వాడని ఊరుగా ప్రకటించుకుంది. జనగామ క్రాప్స్ సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం వెనక నిలబడ్డయి. ఒక రైతు కాదు, ఊరంతా కలిసి మానేసిన్రు. అందుకే అక్కడికి దూరదూరం నుంచి రైతులు చూడ్డానికి పోయిన్రు. ఊరంతా ఒక్కమాట మీద ఉంటే గట్టు అవతల భయం ఉండదు. నాలాగ ఒక్కడే మధ్యల ఉంటే, గదుల కన్నా ముందు గట్టు కట్టుకోవాలె, వరస కలుపుకోవాలె.

ఇటలీల ఈ పనికి అగ్రిటూరిజ్మో అని పేరు, 1985ల చట్టమే చేసిన్రు. అందులో నాకు నచ్చింది ఒకటే: రైతుకు ఎవుసమే ప్రధానం కావాలె, అతిథులను పెట్టుకునుడు దానికి తోడుగానే నడవాలె. మన దగ్గర బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కు కేంద్ర పర్యాటక శాఖ పెట్టిన పద్ధతిల యజమాని అదే ఇంట్ల ఉండాలె, గదులు ఒకటి నుంచి ఆరు దాకా. తిండి పెడతరు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి. అందరి గుర్తింపు కార్డు వివరాలు, రిజిస్టర్ల సంతకం ఉండాలె. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌ల వివరాలు పంపాలె, ఇది మరిచిపోవద్దు. ఇంకోటి, పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు గని గది కిరాయి పంట కాదు. లెక్కలు వేరే పుస్తకంల రాయండి.

మహబూబాబాద్ వైపు మిర్చి వేసే మా మేనబావ కూడా గదులు కడతానంటున్నడు. బయ్యారం చెరువు ఉంది, భీముని పాదం జలపాతం ఉంది, మనుషులు వస్తరు. కాని అతిథులు ఎక్కువ వచ్చేది డిసెంబర్, జనవరి. మిర్చి ఏరుడు మొదలయ్యేది కూడా అప్పుడే. ఇంట్ల ఎంతమంది ఉన్నరు, ఎవరు కల్లంల ఉంటరు, ఎవరు వంటింట్ల ఉంటరు, అది రాసుకుని రమ్మన్న. భూపాలపల్లి దోస్తుకు వేరే లెక్క. పాండవుల గుట్ట, గణపురం కోటగుళ్లు దగ్గర్లనే. జాతర ఏడు మేడారం పోయే జనం ఒక్కసారే మీద పడతరు. ఆ నాలుగు రోజుల కోసం పది గదులు కడితే మిగతా రెండేళ్లు బూజు దులుపుడే. రెండు చాలు అన్న.

పైసల మాట. గది కిరాయి దుప్పట్లకు, కరెంటుకు, కూలీకి, మరమ్మతులకు పోను పెద్దగా మిగలదు. మిగిలేది పోయేటప్పుడు డిక్కీల ఎక్కే బియ్యం సంచి, పల్లి నూనె, కందిపప్పు. తిని చూసినోళ్లు ధర బేరం ఆడరు, మళ్లీ ఫోన్ చేసి తెప్పించుకుంటరు. మా చిట్టి ముత్యాల బియ్యంల ఎక్కువ భాగం ఇప్పుడు ఇట్లనే పోతున్నయి, దళారి ముఖం చూడకుండ.

వచ్చే వీడియోల అరటి మడికి పోయే నీళ్ల గుంత ఎట్ల తవ్వినమో కొలతలతో చూపిస్త. వరి కోతలకు పది రోజులు రెండు గదులకూ తాళమే, అప్పుడు రావద్దు. గదుల గురించి మాట్లాడాలంటే రాత్రి ఎనిమిది దాటినంక ఫోన్ చేయండి. పొద్దున చేస్తే ఎత్తను, మడిలో ఉంట.