పసివారి గీత, పసివారి గొంతు

ఒకటవ తరగతి పిల్లవాడు పలకపై ఎడ్లబండిని గీయును. దాని రెండు చక్రములును ఒకే ప్రక్కన కనుపించును. ఇంటిని గీసినచో గోడల గుండ లోపలి మనుషులు, పొయ్యి, మంచము కూడ అగుపించును. పెద్దలు దీనిని తప్పు అందురు. అదే పిల్లవాని పాట ఉపాధ్యాయుని గొంతుతో కలియకున్నచో "వీనికి శ్రుతిజ్ఞానము లేదు" అని కూర్చుండబెట్టుదురు. ఈ రెండు తీర్పులును పలుమార్లు పొరపాటైనవే. కాని వాటి ఫలితము చాలకాలము నిలుచును. ఉన్నత పాఠశాలకు వచ్చిన పిమ్మట జీవశాస్త్రపు పటమును గీయుటకు జంకు విద్యార్థులలో, తమకు బొమ్మలు రావని చిన్ననాడే నమ్మినవారు ఉందురు.

చిన్నపిల్లలు కంటికి కనుపించు దానికంటె తాము ఎరిగిన దానినే ఎక్కువగా గీయుదురని ఫ్రెంచి పండితుడు జార్జ్ ఆన్రీ లుకే 1927లో ప్రచురించిన గ్రంథమున వివరించెను. బండిని ప్రక్కనుండి చూచినపుడు ఒక చక్రము రెండవదానిని కప్పివేయును. అయినను బండికి రెండు చక్రములున్నవని బాలుడెరుగును. కనుక రెండింటిని గీయును. ఇది అజ్ఞానము కాదు, ఎదుగుదలలో ఒక మెట్టు. రెండేండ్ల ప్రాయమున పిచ్చిగీతలు, నాలుగేండ్లనాటికి తలనుండియే కాళ్లు మొలచిన మనిషి, ఆపైన నేలగీతపై వరుసగా నిలచిన ఇండ్లు, చెట్లు వచ్చును. కంటికి కనుపించినట్లే గీయవలెనను కోరిక సాధారణముగా ఎనిమిది, తొమ్మిదేండ్లకు గాని బలపడదు.

అందువలన నల్లబల్లపై బొమ్మ వేసి నకలు చేయించుట ఈ వయసునకు తగదు. వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ అను చిత్రకళోపాధ్యాయుడు 1897లో బాలల కళాతరగతిని ప్రారంభించి, నకలునకు బదులు స్వేచ్ఛగా గీయుటకు అవకాశమిచ్చెను. సుద్దముక్క, బంకమట్టి, ముగ్గుపిండి ఉన్నను ఈ పనికి చాలును. "ఇదేమి బొమ్మ?" అని గద్దించుటకంటె "ఇందులో ఏమి జరుగుచున్నది?" అని అడిగినచో పిల్లవాడు తన బొమ్మను తానే వివరించును.

పాట విషయమున కారణము శరీరములోనే కలదు. పిల్లల స్వరతంత్రులు పొట్టివి, సన్ననివి. కనుక త్వరగా కంపించును. మాటలాడునపుడు పురుషుని స్వరతంత్రులు సెకండునకు సుమారు 120 సార్లు కంపింపగా, చిన్నపిల్లలవి 250 నుండి 300 సార్లు కంపించును. ఆరేడేండ్ల బిడ్డ సుఖముగా పాడగల స్వరములు సుమారు 290 నుండి 440 కంపనముల నడుమ ఉండును. ఉపాధ్యాయుడు 131 కంపనముల షడ్జముతో పాట ఎత్తుకొన్నచో బిడ్డ గొంతు అంత క్రిందికి దిగజాలదు. హెచ్చుస్థాయిలో కలుపవచ్చునన్న సంగతి బిడ్డకు తోచదు. గొంతు బొంగురుపోయి, ఒకటి రెండు స్వరములయందే తిరుగును. అది శ్రుతిజ్ఞాన లోపము కాదు, శ్రుతి ఎంపికలో పొరపాటు. ఉపాధ్యాయుడు హార్మణీపై హెచ్చు షడ్జమును వినిపించి, నిలకడగా పాడగల ఒక బాలికచే పాట ఎత్తించినచో కొందరి కష్టము ఆనాడే తీరును. అప్పటికిని కలియని బిడ్డకు వినికిడి సరిగా ఉన్నదో లేదో పరీక్ష చేయించుట మంచిది.

స్వరముల నడుమ దూరము కూడ గమనింపదగినది. హంగేరీ సంగీతవేత్త జోల్టాన్ కొడాయ్ (1882-1967) పసివారికి మొదట రెండు మూడు స్వరముల పాటలను, పిమ్మట అర్ధస్వరములు లేని అయిదు స్వరముల జానపద గీతములను నేర్పవలెనని సూచించెను. ఇరుకైన అర్ధస్వరమును సరిగా పలుకుట పసిగొంతునకు కష్టము. మన మోహన రాగము అయిదు స్వరములదే. అందును అర్ధస్వరపు అడుగులు లేవు. ఆ రాగచ్ఛాయ గల చిన్న పాటలతో ఆరంభించుట తేలిక.

కళలను పదవ తరగతి వరకు తప్పనిసరి విషయముగా బోధింపవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము సూచించినది. పీరియడు కేటాయించుట మొదటి పని మాత్రమే. ఆ పీరియడులో బిడ్డ వయసునకు తగిన గీతను, గొంతునకు తగిన శ్రుతిని గుర్తించు ఉపాధ్యాయుడున్నపుడే ఆ సూచన ఫలించును.