ప్రోగ్రాముకూ కావాలి చార్జి లిస్టు

బస్తర్‌లోని కొండగావ్‌లో ఘడ్వా కళాకారులు ఢోక్రా బొమ్మ చేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. మట్టి ముద్దపై మైనపు తీగలతో రూపం తీర్చి, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అందుకే ఒక బొమ్మలా మరొకటి ఉండదు. కళకు అదే అందం. కానీ కంప్యూటర్ ప్రోగ్రాము విషయంలో ఇది కుదరదు. జగదల్‌పూర్‌లో తయారుచేసినా హైదరాబాద్‌లో తయారుచేసినా అది ఒకేలా పనిచేయాలి.

ప్రోగ్రామర్ రాసిన సోర్స్ ఫైళ్లను కంపైలర్ యంత్రభాషలోకి మారుస్తుంది. దానికి రెండు సంగతులు తెలియాలి. ఏ ఫైళ్లు తీసుకోవాలో చెప్పేది సోర్స్ లిస్టు. వాటిని ఎలా కంపైల్ చేయాలో చెప్పేవి ఫ్లాగులు. ఉదాహరణకు జీసీసీ కంపైలర్‌లో ‘-ఓ2’ అంటే వేగంగా నడిచేలా మెరుగుపరచు అని, ‘-జి’ అంటే తప్పులు వెతకడానికి కావలసిన సమాచారం చేర్చు అని అర్థం.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా తప్పు లేని ప్రోగ్రాములో తప్పు వెతికారు. తప్పు అప్పటికే సరిదిద్దారు కానీ ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు. ఆయన విసుగు చూసిన సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే సాధనం రాశారు. అది ఫైళ్లు మారిన సమయాలను పోల్చి, అవసరమైనవాటినే మళ్లీ కంపైల్ చేస్తుంది. ఏది దేనిపై ఆధారపడిందో మేక్‌ఫైల్‌లో మనం రాసిపెట్టాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది లిస్టు గురించి. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసుకో అని ఒక నక్షత్రం గుర్తు పెడితే పని సులువే. కానీ ఎవరో ప్రయోగానికి రాసి వదిలేసిన ఫైలు కూడా అందులో చేరిపోతుంది. సీమేక్ అనే మరో సాధనంలోనైతే, కొత్తగా చేర్చిన ఫైలును అది గమనించకపోవచ్చు. అందుకే పేర్లు ఒక్కొక్కటిగా రాయమని సీమేక్ తయారీదారులే సలహా ఇస్తారు. అలా రాస్తే ఎవరు ఏ ఫైలు చేర్చారో, ఏది తీసేశారో మార్పుల చరిత్రలో కనిపిస్తుంది.

రెండోది ఫ్లాగుల గురించి. మేక్ చూసేది ఫైళ్ల సమయాన్నే. ఫ్లాగు మార్చినంత మాత్రాన పాత ఫైళ్లను అది మళ్లీ కంపైల్ చేయదు. అప్పుడు సగం పాత ఫ్లాగులతో, సగం కొత్తవాటితో తయారైన ప్రోగ్రాము చేతికొస్తుంది. ఫ్లాగులన్నీ ఒకేచోట రాయాలి. మార్చినప్పుడు పాతవి తుడిచి మొత్తం కొత్తగా కంపైల్ చేయాలి. లేదా ప్రతి ఫైలూ మేక్‌ఫైల్‌పై కూడా ఆధారపడినట్లు రాయాలి.

బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించడం మన కుటుంబాలకు కొత్త కాదు. తాళాలు, రిజిస్టర్లు, పెండింగ్ పనులు అన్నీ కాగితం మీద ఉంటేనే కొత్తగా వచ్చినవారు మర్నాడు బ్రాంచి తెరవగలరు. ‘అది ఆయనకే తెలుసు’ అంటే పని ఆగిపోతుంది. మేక్‌ఫైల్ కూడా అలాంటి చార్జి లిస్టే.

మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. తమ ప్రాజెక్టును స్నేహితుడి కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఒక్క మాటా చెప్పకుండా, ఒకే కమాండ్‌తో తయారుచేయమనండి. ఫోన్ చేసి ఏమీ అడగకుండా పని పూర్తయితే లిస్టు సరిగా ఉన్నట్లే. అడగాల్సి వస్తే, ఆ అడిగిన విషయమే మేక్‌ఫైల్‌లో రాయాల్సిన తర్వాతి వాక్యం.