లేపి నిలిపే కుర్చీ

కూర్చున్న చోటి నుండి లేవడం మనకు ఒక పనిగానే తోచదు. కాని ఆ క్షణంలో తొడ కండరాలు, మోకాళ్ళు, నడుము కలిసి దేహభారాన్నంతటినీ ఎత్తవలసి ఉంటుంది. కీళ్ళవాతం, పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారికి అది పెద్ద పరీక్ష.

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. వాటిలో బరువులు మోసి, నిచ్చెనలెక్కి పనిచేసినవారెందరో నేడు గాజువాక, మల్కాపురం వంటి చోట్ల విశ్రాంత జీవితం గడుపుతున్నారు. స్నానాలగదికి పోవాలన్నా ఒకరిని పిలవవలసి రావడం అటువంటివారికి నొప్పికన్న ఎక్కువ బాధ.

విద్యుత్తుతో నడిచే లిఫ్ట్ రిక్లైనర్ కుర్చీ ఇందుకు పుట్టినదే. చూపులకు మన పాత పడకకుర్చీకి చుట్టం. ఒక మీట నొక్కితే వీపు వాలుతుంది, కాళ్ళపీట లేస్తుంది. మరొకటి నొక్కితే ఆసనమంతా ముందుకు వంగుతూ పైకి లేచి మనిషిని నిలబెడుతుంది. ఒకే మోటారు ఉంటే వీపు, కాళ్ళపీట కలిసే కదులుతాయి. రెండుంటే దేనికదే కదులుతుంది. కాళ్ళ వాపు ఉన్నవారికి ఇదే మేలు.

ముందుగా తేల్చుకోవలసింది ధర కాదు. లేచిన తరువాత ఆ వ్యక్తి తన కాళ్ళపై నిలువగలడా? నిలువలేనివానిని ఈ కుర్చీ ముందుకు పడవేయగలదు. కనుక వైద్యుని, ఫిజియోథెరపిస్టును సంప్రదించాలి. మతిమరపు వ్యాధి ఉన్నవారి చేతికి మీట ఇచ్చేముందు మరీ ఆలోచించాలి.

కొలతలు మనిషివి తీసుకోవాలి. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. మోకాలి వెనుక రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. లేకుంటే ఎంత ఖరీదైన కుర్చీ అయినా శిక్షే. అది మోయగల బరువు, గుమ్మం వెడల్పు, గోడకు విడువవలసిన దూరం కూడా చూడాలి.

సముద్రతీరపు ఊరికి మరికొన్ని చిక్కులున్నాయి. ఉప్పుగాలికి ఇనుప కీళ్ళు తుప్పు పడతాయి. ఉక్కపోతలో రెక్సిన్ వీపుకు అంటుకుంటుంది. అన్నిటికన్న ముఖ్యం కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు నగరంలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. కుర్చీ వాలినది వాలినట్లే నిలిచిపోతే అందులోని వృద్ధుని గతి ఏమిటి? అందుచేత బ్యాటరీ ఉన్నదని అమ్మకందారు చెప్పినంత మాత్రాన నమ్మక, దుకాణంలోనే మనిషిని కూర్చోబెట్టి, ప్లగ్గు తీసి, కుర్చీ నిటారుగా వస్తుందో లేదో చూడాలి.

ఇంత ఖర్చు పెట్టలేనివారికి చేతులున్న ఎత్తైన చెక్క కుర్చీ చాలావరకు అక్కరకు వస్తుంది. ఓపిక ఉన్నవారు రోజుకు కొన్నిసార్లైనా మీట నొక్కకుండా, పక్కన ఒకరు ఉండగా, సొంతంగా లేవడం అవసరం. వాడని కండరం త్వరగా క్షీణిస్తుంది.