బేస్ కావాలి, సబ్ కాలకూడదు

ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ చేతికి రాగానే సెకండ్ హ్యాండ్ కారు డిక్కీలో సబ్‌వూఫర్ బిగించేవాళ్లు మన క్యాంపస్‌లో తక్కువేం లేరు. నాలుగు నెలలు తిరక్కుండానే అది కాలిపోయి మళ్లీ కొన్నవాళ్లూ ఉన్నారు. ఎందుకు కాలింది అని అడిగితే అందరిదీ ఒకటే మాట: "యాంప్ వాట్స్ ఎక్కువైపోయాయి రా." అందుకని ఈసారి చిన్న యాంప్ కొంటారు. అదీ కాలుతుంది. నాకు అర్థమైనంతవరకు సబ్‌ని చంపేది యాంప్ డబ్బా మీది అంకె కాదు. వైరింగ్ తప్పుగా చేసి, గెయిన్ తిప్పి, మనం కాయిల్‌లోకి తోసే వేడి.

సబ్ లోపల ఉండేది ఒక వాయిస్ కాయిల్. సన్నటి రాగి తీగ చుట్టి, జిగురుతో అంటించి, అయస్కాంతం సందులో వేలాడదీస్తారు. దానికిచ్చే కరెంటులో శబ్దంగా మారేది చాలా కొంచెం, మిగతాదంతా వేడే. ఆగకుండా ఎంత పవర్ ఇస్తే ఆ వేడిని తట్టుకోగలదో చెప్పేదే ఆర్‌ఎంఎస్ రేటింగ్. డబ్బా మీద పెద్దక్షరాలతో "1200 వాట్స్ మ్యాక్స్" అని ఉంటుంది, కింద చిన్నగా "300 వాట్స్ ఆర్‌ఎంఎస్" అని ఉంటుంది. మనకు కావలసింది ఆ చిన్నక్షరాలే.

మరి చిన్న యాంప్ పెట్టినా ఎందుకు కాలుతుంది? ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో క్లిప్పర్ సర్క్యూట్ చేసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. యాంప్ ఇవ్వగలిగిన వోల్టేజీకి ఒక హద్దు ఉంటుంది. అది దాటి అడిగితే సైన్ వేవ్ తల తెగిపోయి చదునవుతుంది. పూర్తిగా తెగితే స్క్వేర్ వేవే. ఒకే పీక్ ఉన్న సైన్ వేవ్‌తో పోలిస్తే స్క్వేర్ వేవ్‌లో పవర్ రెట్టింపు. అంటే 250 వాట్ల యాంప్‌ని పీకలదాకా తోస్తే 500 వాట్ల దాకా పోయొచ్చు. 300 వాట్ల సబ్ గతి ఏమిటో లెక్కేసుకోండి. తక్కువ పవర్ ఇస్తే సబ్ పాడవదు. తక్కువ పవర్ యాంప్‌తో ఎక్కువ శబ్దం రాబట్టాలని చూస్తేనే పాడవుతుంది.

ఇక ఓమ్‌ల సంగతి. ఒక ఉదాహరణ పట్టుకుందాం: 12 అంగుళాల సబ్, 300 వాట్స్ ఆర్‌ఎంఎస్, డ్యుయల్ 4 ఓమ్, అంటే రెండు కాయిల్స్, ఒక్కోటి 4 ఓమ్‌లు. పెరలల్‌లో కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌లో కలిపితే 8. యాంప్ 2 ఓమ్‌ల దగ్గర 350 వాట్లు ఇచ్చేదైతే పెరలల్ సరిగ్గా సరిపోతుంది. సిరీస్‌లో పెడితే దగ్గర దగ్గర నాలుగో వంతే వస్తుంది. బేస్ రావట్లేదని గెయిన్ తిప్పుతాం, మళ్లీ క్లిప్పింగే. తర్వాత ఇలాంటిదే ఇంకో సబ్ తెచ్చి నాలుగు కాయిల్స్‌నీ పెరలల్‌లో కలిపితే 1 ఓమ్ అవుతుంది. 2 ఓమ్‌ల వరకే తట్టుకునే యాంప్ అయితే ప్రొటెక్షన్‌లోకి పోతుంది, లేదా పోతుంది, అంతే.

అన్నిటికంటే ప్రమాదం, ఒకే సబ్‌లో ఒక కాయిల్‌కి ప్లస్ మైనస్ తిరగేయడం. రెండు కాయిల్స్ ఎదురెదురుగా లాగడంతో కోన్ కదలదు. శబ్దం ఉండదు కానీ కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది. కోన్ కదిలితేనే కాయిల్‌కి గాలి తగులుతుంది. ఇక్కడ అదీ లేదు. అందుకే యాంప్‌కి కలిపే ముందు ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ క్షణంపాటు తాకించండి. ఏ కాయిల్‌కి తాకించినా కోన్ బయటికే రావాలి. తర్వాత మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. 2 ఓమ్‌ల జత మీటర్‌లో కాస్త తక్కువే చూపిస్తుంది, కంగారు పడొద్దు. అది డీసీ రెసిస్టెన్స్.

యాంప్‌కి కరెంటు తెచ్చే వైరు దగ్గర కూడా చాలామంది కక్కుర్తి పడతారు. 350 వాట్లు ఇవ్వడానికి క్లాస్ డి యాంప్, 80 శాతం ఎఫిషియెన్సీ వేసుకున్నా, దాదాపు 440 వాట్లు లాగుతుంది. ఇంట్లో 230 వోల్టుల మీద అయితే అది 2 ఆంపియర్లే. కారులో, ఇంజన్ ఆన్‌లో ఉండగా 13.8 వోల్టుల మీద 32 ఆంపియర్లు! బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు అనుకుంటే, 8 గేజ్ అసలైన రాగి వైరులో దాదాపు 0.33 వోల్టులు పోతుంది. అదే సైజులో రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అయితే అర వోల్టు దాటుతుంది. చవక కిట్లలో ఎక్కువగా వచ్చేది ఈ రెండోదే. చివర గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. వోల్టేజీ పడిపోతే యాంప్ ఇంకా ముందే క్లిప్ అవుతుంది.

ఈ వైరుకి ఫ్యూజ్ బ్యాటరీ టెర్మినల్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజ్ ఉన్నది యాంప్ కోసం కాదు, వైరు కోసం. వైరు ఇంజన్ వెనక రేకులోంచి లోపలికి వచ్చే చోట రబ్బర్ గ్రొమెట్ లేకపోతే, ఊగి ఊగి తోలు చీలి బాడీకి తగులుతుంది. యాంప్ దగ్గర మాత్రమే ఫ్యూజ్ పెట్టి ఉంటే, ఆ షార్ట్‌ని ఆపేవాడే లేడు. కాలేది సబ్ కాదు, కారు. మన ఉదాహరణలో 8 గేజ్ రాగి వైరుకి 40 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. ఎర్త్ వైరు కూడా అదే మందంలో, పెయింట్ గీకిన రేకు మీద బిగించాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయడం మర్చిపోవద్దు.

చివరగా గెయిన్. అది వాల్యూమ్ బటన్ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కీ యాంప్‌కీ జత కుదిర్చే స్క్రూ. సెట్ చేయడానికి మల్టీమీటర్ చాలు. సబ్ వైర్లు విప్పేయండి. బేస్ బూస్ట్, ఈక్వలైజర్ అన్నీ సున్నాలో పెట్టండి. ఇంజన్ ఆన్ చేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతులో ఉంచి, 50 హెర్ట్జ్, 0 డీబీ టెస్ట్ టోన్ ప్లే చేయండి. మన ఇంటి కరెంటూ 50 హెర్ట్జే కాబట్టి మామూలు మీటర్ కూడా ఏసీ వోల్టులు బాగానే చూపిస్తుంది. V = √(P×R), అంటే 300 ఇంటూ 2కి వర్గమూలం, 24.5 వోల్టులు. గెయిన్ కింది నుంచి మెల్లగా తిప్పుతూ అక్కడ ఆపేయండి. సీఆర్‌ఓ దొరికితే మరీ మంచిది, తల తెగడం కంటికే కనిపిస్తుంది.

ఆ తర్వాత బేస్ బూస్ట్ జోలికి పోవద్దు. 6 డీబీ పెంచామంటే నాలుగు రెట్ల పవర్ అడిగినట్టు. 300 కాస్తా 1200. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. లోపాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. పోర్టెడ్ బాక్స్ అయితే సబ్‌సోనిక్ ఫిల్టర్ కూడా పోర్ట్ ట్యూనింగ్‌కి కాస్త కిందగా పెట్టాలి. ట్యూనింగ్ కంటే బాగా కిందికి పోతే కోన్‌ని పట్టి ఉంచే గాలి ఉండదు, పిచ్చిగా ఊగి వెనక్కి టప్ టప్‌మని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వచ్చినా, డిక్కీలోంచి కాలిన జిగురు వాసన వచ్చినా పాట అయ్యేదాకా ఆగకుండా వాల్యూమ్ తగ్గించేయండి.

షాపుకి వెళ్తే డబ్బులిచ్చే ముందు మూడే అడగండి: అన్నా, ఇది ఎన్ని ఓమ్‌లకి కలిపావు? ఫ్యూజ్ ఎక్కడ పెట్టావు? గెయిన్ దేంతో సెట్ చేశావు? మూడోదానికి "చెవితోనే తమ్ముడూ" అంటే, ఆ స్క్రూ మీరే మీటర్ పెట్టి ఇంకోసారి తిప్పుకోండి.